ఐదవ చక్రం

నంద్యాల ఊరి చివర వెల్డింగు షెడ్ల ముందు, ఎర్రటి రెడాక్సైడు పూసి ఎండకు వదిలిన ట్రాక్టరు ట్రాలీలు వరుసగా కనిపిస్తుంటాయి. చక్రాలింకా బిగించని ఆ ఇనుప తొట్లను చూసినప్పుడల్లా నా చూపు వాటి అడుగుభాగానికే పోతుంది. ఎవరైనా గమనిస్తే నేను బేరానికి వచ్చాననుకుంటారు. 2019 నుండి నాకీ అలవాటు.

నాలుగు చక్రాల ట్రాలీకి నిజానికి ఐదవ చక్రం ఒకటుంటుంది. ముందు ఇరుసును తొట్టికి నేరుగా బిగిస్తే బండి మలుపు తిరగదు. అందుకని తొట్టి అడుగున ఒక ఇనుప వలయం, ఇరుసు మీద మరొక వలయం అమర్చి, నడుమ లావుపాటి పిన్ను దించుతారు. ట్రాక్టరు ఎటు తిరిగితే ఇరుసు అటు తిరుగుతుంది, తొట్టి నింపాదిగా దాని వెంట వస్తుంది. మెకానిక్కులు దీనిని టర్న్ టేబులు అంటారు. గుర్రపు బగ్గీల కాలంలో ఇంగ్లీషువాళ్లు ఐదవ చక్రమన్నది దీనినే. నేలమీద దొర్లదు, గాలి కొట్టనక్కరలేదు, అటకమీది సామానులాగా ఎవరి కంటా పడదు. అయితే బండి బరువులో ముందు సగం మోసేది అదే.

మా చిన్నాయనది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. 2018లో ఆయన నంద్యాలలో ఒక షెడ్డు మేస్త్రీ చేత ట్రాలీ చేయించుకున్నాడు. డబ్బు రెండు విడతలుగా ఇచ్చాడు. బిల్లు తీసుకుంటే పన్ను కట్టవలసి వస్తుందని ఇద్దరూ కలిసే వద్దనుకున్నారు. చేతికి దక్కిన కాగితమల్లా ఒక నోటుపుస్తకపు చీటీ. దాని మీద ముట్టిన మొత్తం, తేదీ, ఒక గిలుకు సంతకం. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షను ప్రకారం ట్రైలరుకు కూడా విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. "పొలం బండికి నెంబరేందిరా?" అన్నాడు చిన్నాయన. ఆయనొక్కడి మాట కాదులెండి.

మూడు నెలలు తిరగకముందే మలుపుల దగ్గర ట్రాలీ కటకటమనడం మొదలుపెట్టింది. కొత్తబండి, ఇంకా పట్టు కుదరలేదేమోనని గ్రీజు పెట్టించాడు. శబ్దం నాలుగు రోజులు ఆగి మళ్లీ వచ్చింది. మరింత గ్రీజు. ఈ గ్రీజు వైద్యంతో శనగ కోతలు వచ్చేశాయి.

2019 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బస్తాలు వేసుకుని వస్తున్నారు. బస్తాల మీద ముగ్గురు కూలీలు కూర్చున్నారు. సరకుల ట్రాలీలో మనుషులను ఎక్కించుకోకూడదని చట్టం చెబుతుంది. మా వైపు పెళ్లికైనా, కోతకైనా, అహోబిలం తిరునాళ్లకైనా ట్రాలీ ఎక్కని కుటుంబం ఉండదు. రోడ్డు దిగి ఊరిదారిలోకి తిరిగేచోట ముందు ఇరుసు అడ్డంగా బిగుసుకుపోయింది. ట్రాక్టరు లాగుతూనే ఉంది, తొట్టి ఒక పక్కకు ఒరిగింది. బోల్తా పడలేదు, అంతవరకు అదృష్టం. భయంతో కిందికి దూకిన ఒకామె ముంజేయి విరిగింది.

జాకీ పెట్టి లేపి చూస్తే సంగతి తెలిసింది. పై వలయాన్ని తొట్టికి చుట్టూతా వెల్డింగు చేయవలసినదిపోయి, జానెడుకొక చోట కుట్లు వేసినట్లు అతికించి వదిలేశారు. కుట్లలో మూడు తెగిపోయాయి. వలయం ఒకవైపు వంగి కింది వలయంలోకి దిగబడింది. కటకటమన్నది గ్రీజు లేక కాదు, ఒక్కొక్క అతుకూ వీడుతూ ఉండటం వల్ల.

మేస్త్రీ దగ్గరికి చిన్నాయనతోపాటు నేనూ వెళ్లాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. విషయమంతా విని "లోడెక్కువ ఏసింటారన్నా" అన్నాడు. ఎన్ని బస్తాలకు చేసిన బండి ఇది అని నేనడిగాను. ఆ ప్రశ్న ఆయననెవరూ అంతకుముందు అడిగినట్లు లేదు. కొలత ఏ కాగితం మీదా లేదు, ట్రాలీ మీదా లేదు. బరువు ఇంతని చెప్పనప్పుడు ఎక్కువన్నది ఎక్కడ మొదలవుతుంది?

తెలిసిన వకీలును అడిగాము. అప్పట్లో అమలులో ఉన్నది 1986 నాటి వినియోగదారుల చట్టం. కర్నూలు ఫోరానికి వెళ్లాలి, రెండేళ్లలోగా వేయాలి, అన్నిటికంటే ముందు కొన్నట్లు రుజువు కావాలి. చీటీ చూసి ఆయన నవ్వలేదు కానీ, మడిచి తిరిగిచ్చిన తీరులోనే సమాధానం ఉంది. (2019లో వచ్చిన కొత్త చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చాక కొనుగోలుదారు తానుండే చోటే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన విలువ 5 లక్షల వరకు రుసుము లేదు. బిల్లు తీసుకునే అలవాటు లేనివారికి ఈ సౌకర్యాల వలన ఎంత మేలో నాకు సందేహమే.)

ఆ రోజులలోనే చిన్నాయన కొడుకు టెక్సాసు నుండి ఫోను చేశాడు. వాడు అంతకుముందు ఏడాదే ఒక ఇంటిబండి కొన్నాడు. మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉంటాయి. పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో ఇరుసుకు పైగా ఉండే కొక్కేనికి దాని మెడ తగిలించి లాగుతారు. దానిని అక్కడ ఫిఫ్త్ వీల్ అనే పిలుస్తారట! బగ్గీల నాటి మాటే. వాడి బండికి కప్పు కారుతోంది. బాగుచేయమని అమ్మినవాడికి అప్పజెప్తే నాలుగు నెలలు ఆవరణలోనే పడి ఉంది.

"ఇల్లు కారుతాంటే కప్పు నేపించుకోవాల గానీ, ఇంటికి చక్రాలేందిరా నాయనా" అని చిన్నాయన విస్తుపోయాడు. కాసేపు తండ్రీకొడుకులు తమ తమ బండ్ల గోడు చెప్పుకున్నారు. ఇటు అతుకులు, అటు కారుడు. వాడు చెప్పినదానిలో ఒక్క సంగతి నా మనసులో నిలిచింది. అక్కడ ప్రతి బండికీ పదిహేడు అక్షరాలూ అంకెల గుర్తు ఒకటుంటుంది. ప్రమాదకరమైన లోపం బయటపడితే కంపెనీ ఆ గుర్తుల వరుసను ప్రకటించి, బండ్లను పిలిపించి ఉచితంగా సరిచేయాలి. దీనికి మూలం 1966 నాటి చట్టం. కప్పు కారడం వంటివి ఆ లెక్కలోకి రావు, వాటికి వారంటీ కాగితాలతో కుస్తీ పట్టవలసిందే. వాడికి దారి చూపింది కంపెనీ కూడా కాదు, గుడారాల మైదానంలో పక్కన దిగిన అలాంటి బండివాళ్లు. ఒకరికి కారిన మూలే మరొకరికీ కారిందని మాటలలో తేలిందట.

"నాయనా, ఆ మేస్త్రీ చేసినవి మనూర్లో ఇంకెన్ని ఉండాయి?" అని వాడే అడిగాడు.

ఆ ప్రశ్న మాకెందుకు తట్టలేదో ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలలో విచారిస్తే ఆ షెడ్డువి ఆరు ట్రాలీలు తేలాయి. నాలుగింటికి అదే కటకట. ఒకాయన శిరివెళ్లలో మళ్లీ వెల్డింగు కొట్టించుకున్నాడు. ఇంకొకాయన అద్దెకిచ్చి ఊరుకున్నాడు. ఒకాయన ఏకంగా అమ్మేశాడు, కొన్నవాడికి శబ్దం సంగతి చెప్పకుండా. ఎవరికి వారు తమ బండికే ఖర్మ పట్టిందనుకున్నారు. లోపం పొరుగువాడికి చెప్పుకుంటే బండి ధర పడిపోతుందన్న భయం కూడా ఉంది. మన చట్టంలోనూ 2019 సవరణతో 110ఎ సెక్షను చేరింది. యజమానులలో నిర్ణీత శాతం మంది ఫిర్యాదు చేస్తే వాహనాలను వెనక్కి పిలిపించమని ఆదేశించవచ్చు. శాతం లెక్క తేలాలంటే ముందు నోళ్లు తెరుచుకోవాలి.

మా తాతకు ఎద్దులబండి ఉండేది. దానికి చీటీ కూడా లేదు. ఊరి వడ్రంగికి ఏటా కళ్లంలో మేర కొలిచేవారు. అందుకు బదులుగా ఆకు విరిగినా, కడసీల ఊడినా, ఇరుసు అరిగినా ఆయన వచ్చి చేయాలి. పిడకల మంటలో ఇనుప పట్టా కాల్చి చక్రానికి ఎక్కించి నీళ్లు పోస్తే బుస్సుమని బిగుసుకోవడం చూడటానికి పిల్లలమంతా చేరేవాళ్లం. పాడైతే పని పెరిగేది చేసినవాడికే కనుక అది గట్టిగా చేసేవాడని చిన్నాయన అంటాడు. కొంత నిజమే. అయితే ఆ వడ్రంగి గింజలు తక్కువ కొలిచారని అనగలిగేవాడా, మరొక ఊరికి పోగలిగేవాడా అని నేనడిగితే ఆయన మాట మార్చేస్తాడు.

నలుగురు యజమానులమూ కలిసి నంద్యాల వెళ్లాము. ఈసారి టీకి ముందే మేస్త్రీ ముఖం మారింది. లోడు మాట ఎత్తలేదు. రెండు వారాలలో నాలుగు బండ్లకూ మందపాటి వలయాలు వేసి, చుట్టూతా నిండు వెల్డింగు చేసి ఇచ్చాడు, డబ్బు తీసుకోకుండా. తన లోపమేనని కాగితం రాసిమ్మంటే మాత్రం చేతులు జోడించాడు. అమ్ముడుపోయిన ఐదవ బండి ఎక్కడుందో మాకెవరికీ తెలియలేదు.

చేయి విరిగినామె ఆసుపత్రి ఖర్చు చిన్నాయన పెట్టాడు. పోయిన కూలి రోజులకు కూడా కొంత ఇచ్చాడు, ఎంతైతే సరిపోతుందో లెక్క కట్టేవారెవరూ లేరు. మేస్త్రీ మీద కోపం తగ్గాక ఒకనాడు తానే అన్నాడు: "మూడు నెలలు ఆ సప్పుడు నేను ఇన్న్యా గదరా. వాడు అతికిచ్చినోడే, నేను ఇన్నోణ్ణి." నేను బదులు చెప్పలేకపోయాను.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లు మీకు తెలిసే ఉంటాయి. రాయికి ఉలి పెట్టే ముందు సుత్తితో తట్టి శబ్దం వింటారు. లోపల పగులుంటే రాయి బొంగురుగా పలుకుతుంది. పని సగమయ్యాక పగులు బయటపడితే ఆ రాయి దేవుడిగా పనికిరాదు. చిన్నాయన వాళ్ల దగ్గర నేర్చుకున్నదో, తనకే తోచిందో, ఇప్పుడు బండి కదిలే ముందు ఒంగి వలయాన్ని నాలుగు వైపులా పానాతో తడతాడు. డ్రైవరు కుర్రవాడు విసుక్కుంటాడు.

ఆమె చేయి కొద్దిగా వంకరగానే అతుక్కుంది. ఇప్పటికీ కోతలకు వస్తుంది. పోయిన శనగ కోతకు నేను వెళ్లినప్పుడు, సాయంత్రం అందరూ బస్తాలెక్కి కూర్చున్నారు. "బాగ చేపిచ్చినాలేమ్మా, ఎక్కు" అన్నాడు చిన్నాయన.

"మీరు పొండన్నా, నేనొస్తా" అని ఆమె కొడవలి మంచిచేతిలోకి మార్చుకుని, ట్రాలీ రేపిన దుమ్ము అణిగేదాకా ఆగి, నడవసాగింది.