అమ్మీ అడిగిన చీమ

నమ్ల్ సూరా పారాయణం ముగించిన ప్రతిసారీ మా అమ్మీ చీమ ప్రస్తావన తెచ్చేవారు. హజ్రత్ సులైమాన్ (అలైహి) సైన్యం వస్తున్నదని తోటి చీమలను హెచ్చరించిన ఆ అల్పప్రాణి అంటే ఆమెకు ఎంతో ముచ్చట. చూపు మందగించాక ఒకనాడు, "బేటా, చీమలు నాకిప్పుడు ఆనడం లేదు. ఒకదాన్ని పెద్దది చేసి చూపించు" అన్నారు.

పొదుపు చేసిన సొమ్ముతో మేము అప్పుడే పెద్ద సెన్సార్ కెమెరా, మాక్రో లెన్సు కొని ఉన్నాము. పాత చిన్న కెమెరా బీరువా అడుగున చేరింది. పెరటి గోడమీది గండుచీమను ఎఫ్-8 ఎపర్చర్‌తో ఫొటో తీసి, పెద్దగా ముద్రింపించి అమ్మీ చేతిలో పెట్టాము. ఆమె చాలాసేపు చూసి, "తల ఉన్నది. కాళ్లేవి?" అన్నారు. నిజమే. కన్ను, దవడలు అద్భుతంగా వచ్చాయి. కాళ్లు మంచులో కరిగినట్లు చెదిరిపోయాయి.

చిన్నబోయిన మనసుతో పాత కెమెరా తీశాము. అదే గోడ, అదే ఎపర్చర్, అంతే వెడల్పు దృశ్యం. ఈసారి కాళ్లు చాలావరకు స్పష్టంగా పడ్డాయి. అమ్మీ ముఖం వికసించింది.

కారణం లెక్కలో దొరికింది. కొత్త కెమెరా సెన్సార్ 36×24 మి.మీ. 36 మి.మీ. వెడల్పు దృశ్యంతో అది నిండాలంటే, ప్రతిబింబం అసలు వస్తువంత పెద్దదిగా పడాలి. పాత కెమెరా సెన్సార్ సుమారు 7.6×5.7 మి.మీ. దానికి వస్తువులో అయిదో వంతు ప్రతిబింబం చాలు. ప్రతిబింబం పెరిగేకొద్దీ స్పష్టత లోతు వేగంగా తరిగిపోతుంది. చిన్న చిత్రాన్ని ముద్రణలో ఎక్కువ పెంచాలి గనుక దాని లాభం కొంత తగ్గినా, ఎఫ్-8 వద్ద పెద్ద సెన్సార్‌కు దక్కే లోతు దాదాపు 1 మి.మీ., చిన్నదానికి దాదాపు 3 మి.మీ.

పెద్ద కెమెరాలో ఎపర్చర్‌ను ఎఫ్-22కు కుదిస్తే లోతు ఇంచుమించు సమానమవుతుంది. కానీ వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది; కాంతి వివర్తనం వల్ల పదును తగ్గి, అదికూడా చిన్న కెమెరా స్థాయికే వస్తుంది. అంటే పెద్దది నాసిరకమని కాదు. చీమ కంటిని మాత్రమే నిశితంగా చూడదలచినప్పుడు దానికి సాటి లేదు.

11వ శతాబ్ది ఆరంభంలో 'కితాబుల్ మనాజిర్' రచించిన ఇబ్నుల్ హైథమ్, వస్తువు నుండి వచ్చే కాంతి కంటిలో చేరడం వల్లనే మనం చూస్తున్నామని వివరించారు. పెద్దల మాటనైనా పరీక్షించి చూడటం ఆయన పద్ధతి. మేమైతే ధరను చూసి నమ్మాము. అమ్మీ అడిగింది చీమను. మేము చూపబోయింది మా కెమెరాను.

కాళ్లున్న ఆ చిత్రం ఇప్పుడు ఆమె జానమాజ్ పక్కనే ఉన్నది. అవసరమేమిటో తెలుసుకొని ఖర్చు చేసే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.