‘వద్దు’ అనే బటనూ ఉండాలి

"ఐప్యాడ్ కొనిస్తే పిల్లాడికి మాటలొస్తాయా?"

గత రెండేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఓ పదిమంది అడిగి ఉంటారు. ఆఫీసు క్యాంటీన్లో ఒకరు, పెళ్ళి భోజనాల దగ్గర ఒకరు, డల్లాస్ నుంచి అర్ధరాత్రి వాట్సాప్‌లో ఇంకొకరు. నేను డాక్టర్నీ కాదు, స్పీచ్ థెరపిస్టునీ కాదు. బ్యాంకుల కోసం జావా రాసుకుని బతికే మనిషిని. కాకపోతే మా అక్క కొడుక్కి ఆటిజం. వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. నోటితో అనే మాటలు అయిదారు ఉంటాయి, మిగతావి టాబ్లెట్ మీద బొమ్మలు నొక్కి చెబుతాడు. ఆ టాబ్లెట్లోకి తెలుగు ఎక్కించే పని శని ఆదివారాల్లో నా నెత్తిన పడింది. అందుకని నన్ను అడుగుతారు.

ఒక్క ముక్కలో జవాబు: కొనిస్తే రావు. కొన్నాక చెయ్యాల్సిన పని చాలా ఉంది. ఆ పనిలో సగం మనలాంటి వాళ్ళు చెయ్యగలిగిందే. ఈ టపా ఉద్దేశం అది చెప్పడమే.

అసలు ఇదేమిటో తెలియని వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. నోటి మాటకు తోడుగానో, బదులుగానో బొమ్మలు, సైగలు, పరికరాలు వాడటాన్ని ఏఏసీ అంటారు. ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్. ఇది టాబ్లెట్లతో మొదలవలేదు. అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు 1985లో పెక్స్ అనే పద్ధతి తయారుచేశారు. పిల్లాడు బిస్కెట్టు బొమ్మ ఉన్న కార్డు మన చేతికిస్తే మనం బిస్కెట్టు ఇస్తాం. అట్టముక్కలు, వెల్‌క్రో, అంతే. పలికే యంత్రాలు కూడా ఉండేవి గానీ వాటి ధర వేల డాలర్లు. 2009లో ఐఫోను మీద ప్రోలోక్వో2గో వచ్చింది, 2010 ఏప్రిల్లో ఐప్యాడ్ వచ్చింది. దాంతో ఆ వేల డాలర్ల యంత్రం చేసే పని బజార్లో దొరికే పలక మీదకి వచ్చేసింది.

మన దగ్గరా ఇంచుమించు అదే కాలంలో పని మొదలైంది. ఐఐటీ మద్రాసులో చదివిన అజిత్ నారాయణన్ చెన్నైలోని విద్యాసాగర్ అనే సంస్థతో కలిసి పనిచేస్తూ ‘ఆవాజ్’ తయారుచేశారు. మొదట్లో అది విడి పరికరం, తరవాత టాబ్లెట్ యాప్ అయింది. ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ 2011లో ప్రకటించిన 35 ఏళ్ళ లోపు ఆవిష్కర్తల జాబితాలో ఆయన పేరుంది. ముంబై ఐఐటీ వాళ్ళ ‘జెల్లో’ యాప్ ఉచితం. అంటే పరికరం దొరకదు, యాప్ దొరకదు అనే రోజులు పోయాయి.

ఇప్పుడు అందరూ అడిగే రెండో ప్రశ్న. "టాబ్లెట్ అలవాటైతే ఇక నోరు విప్పడేమో?" మా బావగారి భయమూ ఇదే. ఇది తీసిపారెయ్యాల్సిన భయమేమీ కాదు. అందుకే దీన్ని పరీక్షించి చూశారు కూడా. మిల్లర్, లైట్, ష్లోసర్ 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడకట్టి, గట్టి ఆధారం ఉన్న 27 మంది సంగతి చూశారు. ఏఏసీ వల్ల నోటి మాట తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి ఎంతోకొంత పెరిగింది, మిగతావాళ్ళకి మార్పు లేదు. కోనీ కసారి బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 5 నుంచి 8 ఏళ్ళ లోపు పిల్లలు 61 మంది. అందరికీ ఆటలతో కూడిన థెరపీ ఒకటే, కొందరికి మాత్రం మొదటి రోజు నుంచే పలికే టాబ్లెట్ తోడిచ్చారు. తమంతట తాము సంభాషించడం ఆ పిల్లల్లోనే ఎక్కువ పెరిగింది.

పెరుగుదల అన్నారు కదా అని మీ పిల్లాడు గడగడా మాట్లాడేస్తాడని కాదు. చాలామందిలో అది చిన్నదే. కానీ నష్టం మాత్రం కనపడలేదు. నా మటుకు నాకు ఆ లెక్క చాలు.

ఇక మన భాష సంగతికొద్దాం. నా వారాంతాలన్నీ తినేసింది ఇదే.

ఈ యాప్‌లలో చాలావాటి పునాది ‘కోర్ వకాబులరీ’. రోజంతా మనం మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం కొన్ని వందల మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. వాటిని ముందు తెర మీద, ఎప్పుడూ ఒకే చోట ఉంచితే పిల్లాడి వేలు ఆ దారి నేర్చుకుంటుంది. మనం కీబోర్డు చూడకుండా టైపు కొట్టినట్టు. (రిలీజు రిలీజుకీ మెనూలు అటూ ఇటూ మార్చే జబ్బున్న మనవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. గడి జరిపితే వాడి నోట్లో నాలుక జరిపినట్టే.)

ఇంగ్లీషులో ఆ వందల మాటలు విడివిడిగా నిలబడతాయి. ‘ఐ’, ‘వాంట్’, ‘గో’, ‘నాట్’, ‘ఇన్’. ఒక్కోదానికి ఒక బటన్ పెట్టి వరసగా నొక్కితే వాక్యం తయారు. మేం కూడా ముందు ఓ ఇంగ్లీషు పలక తీసుకుని మాటకి మాట తెలుగు పెట్టి చూశాం. ‘నేను కావాలి నీళ్ళు’ అంది టాబ్లెట్. మా అమ్మ నవ్వాపుకోలేకపోయింది. మనం ‘నాకు నీళ్ళు కావాలి’ అంటాం. ‘నేను’ కాస్తా ‘నాకు’ అయింది, క్రియ చివరికి పోయింది. ‘ఇన్’ బటన్ ఏం చెయ్యాలి? తెలుగులో ‘లో’ ఒంటరిగా ఉండదు, ‘ఇంట్లో’, ‘డబ్బాలో’ అని పక్కదానికి అతుక్కుంటుంది. విభక్తి ప్రత్యయాలు బట్టీపట్టి పరీక్ష రాసిన బాపతే మనమంతా. అవి ఇలా తగులుకుంటాయని ఎవరనుకున్నారు?

అన్నిటికన్నా ముదురు కేసు ‘నాట్’. ఇంగ్లీషులో ఒక్క బటన్. తెలుగులో లెక్కపెట్టండి. కాదు, లేదు, వద్దు, రాదు, ఇవి విడివిడి మాటలు. ఇవి కాక తినను, వెళ్ళను అని క్రియలోనే కలిసిపోయే ‘కాదు’ ఇంకొకటి. ‘తిను’ అనే ఒక్క క్రియకి తింటాను, తింటావు, తింటాడు, తింటుంది అంటూ ఏడు రూపాలు. తిన్నాను వరసలో ఇంకో ఏడు, తినను వరసలో ఇంకో ఆరు. ఇవన్నీ గళ్ళలో పెడితే అది పలకా, పంచాంగమా?

అజిత్ నారాయణన్ తరవాత ఇదే గొడవ మీద పనిచేశారు. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎప్పుడు అనే ప్రశ్నలతో బొమ్మల్ని కలిపితే వ్యాకరణం సంగతి యంత్రం చూసుకునేలా ‘ఫ్రీస్పీచ్’ అనే పద్ధతి రూపొందించి, 2013లో టెడ్ ప్రసంగంలో వివరించారు. వెతికి చూడండి, పది నిమిషాల్లోపే.

మేం అంత దూరం పోలేదు. వాడికి రోజూ అవసరమయ్యే రూపాన్ని అలాగే ముక్కగా పెట్టేశాం. నాకు కావాలి. వద్దు. ఇంకా. అయిపోయింది. ఇవ్వు. రా. నేను వస్తా. ఏంటిది? చూడు. బాలేదు. నా వంతు. వ్యాకరణం అందంగా లేదు, కానీ రెండేళ్ళ పిల్లలు మాటలు నేర్చేదీ ఇలాగే, ముక్కలు ముక్కలుగా. ‘గ్రాండ్‌మా’ అనే ఒక్క గడి చోట అమ్మమ్మా, నానమ్మా వచ్చారు. ‘ఆంట్’ పోయి పిన్నీ, అత్తా, పెద్దమ్మా వచ్చారు. పిజ్జా బొమ్మ పీకేసి పెరుగన్నం ఫోటో పెట్టాం, అదీ మా అక్క కలిపిన పెరుగన్నమే. ఆండ్రాయిడ్‌లో గూగుల్ తెలుగు గొంతు ఉంది గానీ అది పెద్దవాళ్ళ గొంతు, వార్తలు చదువుతున్నట్టుంటుంది. అందుకని పక్కింట్లో తొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి కూర్చోబెట్టి అన్నీ చెప్పించి రికార్డు చేశాం. వాడి ఫీజు రెండు ఐస్‌క్రీములు.

ఇంత కష్టం దేనికి, ఇంగ్లీషులోనే పెట్టేస్తే పోలా అనే వాళ్ళున్నారు. డల్లాస్ మిత్రుడి కూతురికి స్కూలు వాళ్ళే టాబ్లెట్ ఇచ్చారు. ఐడియా చట్టం ప్రకారం ప్రతి పిల్ల ఐఈపీ రాసేటప్పుడూ సహాయక పరికరాల అవసరం చూడాల్సిందే. చక్కటి ఏర్పాటు. కానీ ఆ పిల్లని సాయంత్రం చూసుకునేది గుంటూరు నుంచి వెళ్ళిన నానమ్మ. ఆవిడకి ఆ టాబ్లెట్ ఏమంటోందో అర్థం కాదు. పిల్ల స్కూల్లో మాట్లాడుతుంది, ఇంట్లో మూగదవుతుంది. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లల మాట ఇంకా వెనకబడుతుందని చాలామంది చెబుతారు. పరిశోధనల్లో దానికి ఆధారం దొరకలేదు. ఇంకో సంగతి. పిల్లాడికి బటన్లు చూపించి నొక్కమంటే సరిపోదు, వాడితో మాట్లాడేటప్పుడు మనం కూడా నొక్కి చూపిస్తుండాలి. పిల్లలు మాట నేర్చేది మన మాట విని కదా. ఇంట్లో వాళ్ళకి రాని భాషలో పలక ఇస్తే ఆ పని ఎవరు చేస్తారు?

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను.

మావాడు వెళ్ళే సెంటరు (పేరు అనవసరం) వాళ్ళు ఒకరోజు పలకలో ‘వద్దు’ బటన్ కనపడకుండా దాచేశారు. గంట సెషన్లో ముప్ఫై సార్లు అదే నొక్కుతున్నాడట. "పని ముందుకు సాగడం లేదండీ" అన్నారు. మా అక్క నెమ్మదస్తురాలు, ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. ఆ రోజు మాత్రం "నోరున్న పిల్లాడు వద్దంటే నోరు కుట్టేస్తారా అండీ?" అని అడిగేసింది.

ఆ టీచరమ్మ చెడ్డదేం కాదు. ఒక్క గదిలో ఆరుగురు పిల్లల్ని చూసుకునే మనిషి. కానీ ఈ టాబ్లెట్ల గురించి మనవాళ్ళ ఆలోచన ఎక్కడ ఆగిపోయిందో అక్కడ కనిపిస్తుంది. చాలా పలకల్లో ఉండేది ఏమిటి? నీళ్ళు కావాలి, బిస్కెట్ కావాలి, బాత్రూమ్. అది అడుక్కునే భాష. మాటంటే అంతేనా? వద్దనడం, విసుక్కోవడం, ఎందుకని అడగడం, వెక్కిరించడం, ఇవి కాదూ? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘కమ్యూనికేషన్’ అనే మాటకిచ్చిన నిర్వచనంలో ఈ ఏఏసీ కూడా ఉంది. అంటే ఆ పలక బొమ్మల ఆట కాదు, చట్టం దృష్టిలో కూడా వాడి మాటే. అల్లరి చేశాడని టాబ్లెట్ లాక్కోవడం, నచ్చని బటన్ తీసెయ్యడం, రెండూ వాడి మాట లాక్కోవడమే.

బటన్ తిరిగొచ్చింది. దాని పక్కన మేం ఇంకో నాలుగు చేర్చాం. చప్పుడు, నొప్పి, విసుగు, అర్థం కాలేదు. వారం తిరక్కుండా ‘వద్దు’ తరవాత ‘చప్పుడు’ నొక్కడం మొదలెట్టాడు. చూస్తే ఆ గది గోడకి అవతల నీళ్ళ మోటారు. సరిగ్గా వాడి సెషన్ టైముకే వేస్తున్నారు. మనకి అలవాటైపోయి వినపడదు, వాడికి చెవిలో రంపం. గది మార్చారు, ‘వద్దు’లు బాగా తగ్గాయి. అన్నీ పోలేదు. పూసలు గుచ్చమంటే ఇప్పటికీ ‘వద్దు’ అంటాడు. వాడికి పూసలు గుచ్చడం నిజంగానే ఇష్టం లేదు. ఉండకూడదా?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పిల్లాడి చెయ్యి పట్టుకుని నొక్కిస్తే వచ్చేది పట్టుకున్న వాళ్ళ మాటే అవుతుంది. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ పేరుతో ఇలాంటిది చాలాకాలం నడిచింది. అమెరికన్ స్పీచ్ సంఘం ఆషా 2018లో అది వాడొద్దని స్పష్టంగా చెప్పింది. పిల్లాడు తన వేలితో నొక్కాలి, మనం ఆగాలి. పది సెకన్లు ఊరికే ఆగడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి.

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? ఇంకో యాప్ రాయడం మాత్రం కాదు. సీబోర్డ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రభుత్వం ‘ఆరాసాక్’ పేరుతో వేల బొమ్మలు ఉచితంగా ఇస్తోంది. లేనిదల్లా వాటిలోకి వెళ్ళాల్సిన తెలుగు. మనవాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు, అనువాదం తెలుగు కాదు. శ్రీకాకుళం పిల్లాడిది ఒకటి, నిజామాబాద్ పిల్లాడిది ఇంకొకటి, కడప పిల్లది మరొకటి. ఏ మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, ఏ క్రియ ఏ రూపంలో వస్తోంది అన్న లెక్క కావాలి. లెక్కలూ, జాబితాలూ మనకి చేతనైన పనే కదా.

మీ ఇంట్లో నాలుగైదేళ్ళ పిల్లలుంటే ఈ ఆదివారం ఒక గంట పక్కన కూర్చుని, వాళ్ళు అన్న మాటలన్నీ అన్నది అన్నట్టుగా కాగితం మీద రాయండి. దిద్దకండి. మావాడి పలకలో ఇంకా ఇరవై దాకా గళ్ళు ఖాళీగా ఉన్నాయి.