మెతుకు చెప్పని మాట

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. తెలుగు వంటింట్లో ఈ మాట తప్పింది లేదు. ఎసరు మరుగుతున్నంతసేపూ గిన్నెలో వేడి అన్ని వైపులా దాదాపు ఒకటే కాబట్టి, చేతికి దొరికిన మెతుకు మిగతా మెతుకుల సంగతి కూడా చెబుతుంది. పొయ్యి మీంచి దించాక ఆ లెక్క చెల్లదు. పెళ్లికి వండిన గుండిగలో పైపొర చల్లారిపోతుంది, అంచులు గోరువెచ్చగా ఉంటాయి, నడిమధ్య అన్నం మాత్రం గంటల తరబడి పొగలు కక్కుతూనే ఉంటుంది. ఒకే గుండిగలో మూడు రకాల అన్నం. ఇప్పుడు ఏ మెతుకు పట్టి చూడాలి?

తూర్పు ఢిల్లీలో తెలుగువాళ్ల పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ కార్తీక వనభోజనాలకూ వండిపెట్టే ఒక చిన్న బృందంతో కూర్చుని ఆహార భద్రత పరీక్షకు పాఠాలు చదివిస్తున్నప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ చట్టాన్ని నడిపించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కార్యాలయం ఈ ఊళ్లోనే, కోట్లా రోడ్డులోని ఎఫ్‌డీఏ భవన్‌లో ఉంది. 2017లో ఆ సంస్థే ఫోస్టాక్ పేరుతో శిక్షణ మొదలుపెట్టింది. వంటశాలలో ప్రతి 25 మందికీ శిక్షణ పొంది, పరీక్ష నెగ్గిన సూపర్‌వైజర్ ఒకరుండాలన్నది దాని సారాంశం. చదవాల్సింది ముఖ్యంగా ఆ నిబంధనల నాలుగో షెడ్యూల్లో ఉంది: నీళ్లు, గోళ్లు, తలకు టోపీ, ఎలుకలు, బొద్దింకలు, రిజిస్టర్లు, వైద్య పరీక్షలు. చాలా భాగం మావాళ్లకు కొత్త కాదు. మడి కట్టుకుని వండే ఇళ్లలో పెరిగినవాళ్లు, ఎంగిలి గరిటె మళ్లీ గిన్నెలో పెట్టనివాళ్లు.

కళాయి సంగతి వచ్చినప్పుడు అందరికంటే పెద్దాయన, గోదావరి జిల్లా నుంచి వచ్చిన వంట మేస్త్రి, ముఖం విప్పారింది. పాత్రల లోహం తిండిలోకి దిగకూడదని పాఠం. ఇత్తడి గుండిగకు కళాయి లేకుండా చింతపండు పులుసు పోస్తే చిలుము పట్టి మనుషులు వాంతులు చేసుకుంటారని ఆయనకు పదేళ్ల వయసు నుంచే తెలుసు. రాగి పులుపులోకి దిగుతుందన్న కారణం మాత్రం ఇప్పుడు విన్నాడు. తెలిసిన జాగ్రత్తకు కారణం దొరికితే మనిషికి కలిగే ఆనందం వేరు. నాకు ఈ చదువులో అన్నిటికన్నా నచ్చింది అదే.

థర్మామీటరు దగ్గర ఆయన మొరాయించాడు. “అన్నంలో పుల్ల గుచ్చి డిగ్రీలు చూడమంటారేంటండీ? చెయ్యి పెడితే తెలీదా?” అన్నాడు. అది మొండితనం కాదు. నలభై ఏళ్ల చేతివాటాన్ని ఒక ఇనప పుల్ల వచ్చి కాదంటుంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఆయన్ని గౌరవిస్తూనే జవాబు చెప్పాలి. ఆ జవాబు అన్నంలోనే ఉంది.

బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది, బియ్యంతో పాటు ఇంటికొస్తుంది. మామూలు సూక్ష్మజీవులు మరిగే ఎసట్లో చస్తాయి. దీని బీజాలు మాత్రం గట్టి పెంకు కట్టుకుని బతికి బయటపడతాయి. అన్నం గోరువెచ్చబడగానే మొలకెత్తి పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన రాదు, రుచి మారదు. మాంసం కూరల్లో, చిక్కటి పులుసుల్లో పెర్‌ఫ్రింజెన్స్ అనే ఇంకొక బాక్టీరియా కూడా ఇలాగే బీజాలుగా బతికి, గోరువెచ్చబడగానే పెరుగుతుంది. అనువైన వేడి దొరికితే పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అందుకే 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య తిండిని నిలవ ఉంచొద్దని పాఠం. ఉంచితే వేడిగా 60 పైన, లేదా చల్లగా 5 లోపు. చల్లార్చాల్సి వస్తే 60 నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దించాలి.

“మరి చద్దన్నం తినలేదా మనం?” అని పక్కనున్న కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. చద్దన్నం ఇంటికి సరిపడా చిన్న కుండలో, నీళ్లు పోసి, మజ్జిగ తోడేసి పులియబెట్టేది. పులుపెక్కిన చోట ఈ బాక్టీరియా అంతగా పెరగదు. మూతపెట్టి వదిలేసిన గుండిగకు ఆ రక్షణ లేదు. మన పెద్దల అలవాటును సాక్ష్యంగా పిలిచేముందు, వాళ్లు అసలేం చేసేవారో పూర్తిగా గుర్తు చేసుకోవాలి.

ఢిల్లీలో ఈ ప్రమాదం శీతాకాలంలోనే ఎక్కువగా కళ్లుగప్పుతుంది. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు అందరూ భయపడతారు, జాగ్రత్తపడతారు. జనవరిలో పొగమంచు కమ్ముకున్న పూట, బయట చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, అన్నం పాడవుతుందని ఎవరనుకుంటారు? పెళ్లిళ్లు శీతాకాలంలోనూ జరుగుతాయి. మయూర్ విహార్‌లో తెల్లారకముందే వండి, వ్యాన్‌లో ఎక్కించి, కాళింది కుంజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, గురుగ్రామ్ ఫామ్‌హౌస్‌లో మధ్యాహ్నం వడ్డిస్తే, గుండిగ నడుమ ఉన్న అన్నం ఆ ప్రయాణంలో ఎంతసేపు గోరువెచ్చగా ఉందో బయటి చలి చెప్పదు.

పరీక్షలో తేలిగ్గా దాటేసే ప్రశ్న ఒకటుంది: రసాయనాలను ఎక్కడ పెట్టాలి? తిండి సరుకులకు దూరంగా, వేరే గదిలో, పేరు రాసి. అక్కడ నేను పాఠం ఆపేశాను. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉంది. ఆ ఒక్క మార్కు ప్రశ్న వెనక ఆ పిల్లలున్నారు. అది చెప్పాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు ఫినాయిల్ సీసాలు గట్టు మీంచి మాయమయ్యాయి.

భాష గురించి నాకు కోపం ఉంది. మావాళ్లు కూర్చున్న శిక్షణ తరగతి ఇంగ్లీషు కలిపిన హిందీలో నడిచింది. పులుసు మరిగే చప్పుడుతో పాకం చెప్పగల మనిషి, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టలేక తలవంచుకుని కూర్చోవడం నేను చూశాను. వందలమందికి అన్నం పెట్టే మనిషికి తను వంట చేసే భాషలో పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం దయ కాదు, ఆహార భద్రతలో భాగం. అర్థం కాని నియమాన్ని గోడకు అంటిస్తారు, చేతికి అంటించరు.

అందుకే మేం పుస్తకం మూసి వంటలోంచి మొదలుపెట్టాం. వేడి పైపొర నుంచీ అంచుల నుంచీ బయటికి పోతుంది, లోతు తగ్గితే త్వరగా చల్లారుతుంది, రెండంగుళాల మందాన వెడల్పాటి ట్రేలలో పరచాలి అని చెబుతుంటే మేస్త్రి మధ్యలో ఆపాడు. “పులిహోరకి ఆరబోసినట్టేనా అండీ?”

సరిగ్గా అదే. పులిహోరకు అన్నం వార్చి, తాంబాళంలో పరిచి, పసుపూ నూనే వేసి ఆరబెట్టడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మెతుకు విడివిడిగా ఉండాలని చేసేవాడు. ఇప్పుడు దద్దోజనానికీ అదే అన్నాడు: ట్రేలలో ఆరబోసి, వేడి పోయాక పెరుగు కలిపి, వెంటనే ఫ్రిజ్‌లోకి. తెల్లన్నం మాత్రం ఇక్కడ వండి పంపనన్నాడు. బియ్యం కడిగి, గ్యాసు పొయ్యిలతో సహా ఫామ్‌హౌస్‌కే తీసుకెళ్లి, బంతికో వాయి చొప్పున అక్కడే వండిస్తానన్నాడు. పొయ్యిలకు, ఇంకో మనిషికి ఖర్చెంతవుతుందో అప్పుడే వేళ్ల మీద లెక్క కట్టాడు. పెళ్లివారికి ఆ లెక్క చెప్పి ఒప్పించే పని నాకు అప్పగించాడు.