బైహార్ట్, రట్టా, హిఫ్జ్

ఇంగ్లీషు రానివాళ్ళు కూడా మన ఇళ్ళల్లో వాడే మాట ‘బైహార్ట్’. “ఎక్కాలు బైహార్ట్ చెయ్”, “ఆన్సర్లు బైహార్ట్ అయ్యాయా?” అంటుంటాం. ఇంగ్లీషులో ఇది క్రియ కాదు, క్రియా విశేషణం. ‘లెర్న్’, ‘నో’ లాంటి క్రియల తర్వాత వస్తుంది. ‘ఐ నో ఇట్ బై హార్ట్’ అంటే నాకది చూడకుండా వచ్చు అని. ‘ఐ బైహార్టెడ్ ఇట్’ అనేది మన దేశంలో పుట్టిన వాడుక, ఇంగ్లీషు పరీక్షలో రాయకపోవడమే మంచిది. తెలుగులో ‘బైహార్ట్ చేయడం’ అంటే మాత్రం తప్పేమీ లేదు. ‘చెయ్’ తగిలించి దాన్ని మన మాటగా చేసుకున్నాం.

ఈ మాట చాలా పాతది. 14వ శతాబ్దపు కవి చాసర్ కాలానికే ఇంగ్లీషులో ఉంది. ఫ్రెంచివాళ్ళు కూడా ‘పార్ కర్’ అంటారు, ‘కర్’ అంటే గుండే. జ్ఞాపకం ఉండే జాగా దిల్ అని పాతకాలం వాళ్ళ నమ్మకం. మన తెలుగువాళ్ళు దాన్ని గొంతులో పెట్టారు: కంఠస్థం, కంఠతా. ఉర్దూవాళ్ళు జబాన్ మీద పెట్టారు: జబానీ యాద్. ఉర్దూలోనే ‘అజ్‌బర్’ అనే ఫార్సీ మాట ఇంకొకటి ఉంది. ‘బర్’ అంటే ఛాతీ. అంటే ఇదీ గుండె దగ్గరికే చేరింది.

ఇంగ్లీషులో దీని పక్కనే ‘బై రోట్’ అనే మాట ఉంది. అర్థంతో పని లేకుండా మిషన్‌లా వల్లించడం. మనం రట్టా మార్నా అనేది దీన్నే, తెలుగులో బట్టీ పట్టడం. ‘బై రోట్’ మన వాడుకలోకి రాలేదు. అందుకని దాని బద్నామీ అంతా ‘బైహార్ట్’ మోస్తోంది.

మావాడు తొమ్మిదో తరగతి. మొన్న ఒక సవాల్ వేశాడు: “బైహార్ట్ చేయొద్దు, అర్థం చేసుకోండి అని మా మిస్ చెప్పింది. మరి సూరాలు ఎందుకబ్బా బైహార్ట్ చేయమంటావ్? ఫోన్లో ఉన్నాయిగా?”

సవాల్ వాజిబే. నా జవాబు ‘హిఫ్జ్’ అనే మాటలో ఉంది. హిఫ్జ్, హిఫాజత్, హాఫిజ్ మూడూ ఒకే అరబీ ధాతువు నుంచి వచ్చాయి. కాపాడటం దాని అర్థం. వీడ్కోలప్పుడు ‘ఖుదా హాఫిజ్’ అనేదీ ఆ అర్థంతోనే. హాఫిజ్ సాబ్ అంటే ఖుర్ఆన్‌ను తన సీనాలో హిఫాజత్‌గా ఉంచుకున్న మనిషి. తరావీలో ఆయన ఎక్కడైనా ఆగితే వెనక నిలబడ్డ ఇంకో హాఫిజ్ ఆయత్ అందిస్తాడు. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. లుక్మా అంటే నోటి ముద్ద. రట్టా మారినవాడికి పరీక్ష అయ్యాక ఆ పాఠంతో పని లేదు. హాఫిజ్ మాత్రం బతికినన్నాళ్ళూ దాన్ని తిరగేస్తూనే ఉండాలి.

మా నన్నీ బడికి పోలేదు. ఆఖరి రెండేళ్ళు మతిమరుపు వచ్చి మా అమ్మీనే “తుమ్ కౌన్ మా?” అని అడిగేది. అమ్మీ అల్హమ్దు సూరా మొదటి మాట అందిస్తే చాలు, ఆమీన్ దాకా తనే చదివేది. కూతురి పేరు పోయినా సూరా పోలేదు. ఫోన్లో ఉన్నది ఆ రోజు ఆమెకు ఏ విధంగా కామ్ వచ్చేది?

అయితే మా వాడి మాటలో సగం నిజం ఉంది. రోజుకు ఫర్జ్ రకాతులే 17. అల్హమ్దు సూరా లేకుండా నమాజు లేదు. ఇన్నిసార్లు వినే, చదివే ఆ ఏడు ఆయతుల మతలబ్ మనలో ఎంతమంది తెలుగులో చెప్పగలరు? చెప్పలేకపోతే జబాన్ మీద ఉన్నట్టే, దిల్ దాకా చేరనట్టే. అరబీ మాటలు పలకడంలోనూ సవాబ్ ఉంది, కాదనను. కానీ పిల్లలు అడిగేది అర్థం. వాళ్ళను కసిరితే సూరా కూడా ఎక్కాల లెక్కలో చేరిపోతుంది.

అందుకే మగ్రిబ్ తర్వాత ఇద్దరం కూర్చుంటున్నాం. రోజుకు ఒక్క ఆయత్. ముందు తెలుగులో మతలబ్, తర్వాత తలఫ్ఫుజ్, ఆ తర్వాత చూడకుండా చదవడం. మతలబ్ వాడు తన సొంత మాటల్లో చెప్పాలి. అది చెప్పాకే తర్వాతి ఆయత్‌కు పోతాం.