చక్రాల ఇంటికి పద్దు

చికాగోలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు పది రోజుల సెలవులో పిల్లలతో సియాటిల్ వెళ్దామనుకున్నారు. అక్కడ మా పెద్దక్కయ్య ఉంది. ప్రయాణాలు చేసే ఓపిక ఆమెకిక లేదు. మనవలు ఆమెను ఇంతవరకు చూడనేలేదు. దారిపొడుగునా దేశం కూడా చూపాలని అల్లుడు ఆర్.వి. అనే చక్రాల ఇల్లు అద్దెకు తీసుకుందామన్నాడు. లెక్క నాకప్పగించారు.

ఇంటర్‌స్టేట్ 90 మీదుగా సుమారు 3,300 కిలోమీటర్లు. రానూపోనూ అయితే ఎక్కడా ఆగకుండా రోజుకు 660. కదిలే బండిలో పిల్లలు మంచమెక్కకూడదు, బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే. ఏడేళ్లవాడికీ, నాలుగేళ్లదానికీ అది శిక్షే. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున తిరుగు ప్రయాణానికే 800 లీటర్ల పైన పెట్రోలు. కాబట్టి అదనపు రుసుము కట్టి బండిని సియాటిల్‌లోనే అప్పగించి, విమానంలో వెనక్కి రమ్మన్నాను. దారికి ఏడు రోజులు, 1872లో ఏర్పడిన యెల్లోస్టోన్ పార్కులో ఒక రోజు, అక్కయ్య దగ్గర రెండు రోజులు.

బస స్థలాలు నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. మురుగునీటి ట్యాంకు ఖాళీ చేసే వసతి ఎక్కడుందో రాసుకోవాలి. యెల్లోస్టోన్ సరస్సు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం త్వరగా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ మరవద్దని అమ్మాయికి మా ఆవిడ హెచ్చరిక!

టెంపోలో తిరుపతికి బయల్దేరే మనకైనా ఇదే సూత్రం: మొత్తం దూరాన్ని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు కూర్చోగలిగే గంటలతో సరిచూసుకోండి.