ఉప్పునీటి గాలం

దేవుని కృపవలన ఈ ఏడు తునికాకు డబ్బులు కొంత మిగిలాయి. భద్రాచలం వాగుల్లో తప్ప గాలం వేయని మా పిల్లల్ని సెలవుల్లో అంతర్వేది తీసుకెళ్దామనుకున్నాను. రాజమండ్రికి బస్సు, అక్కడినుండి నరసాపురం, రేవు దాటితే సఖినేటిపల్లి. అన్నం మూటలు ఇంటినుండే.

ఇంతలో నరసాపురం నుండి మా బావ కబురు: "చేపలు గుడ్లుపెట్టే కాలం. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలు వేటకు పోవు."

చిన్నవాడు ఏడుపు ముఖం పెట్టాడు. "ఒడ్డునుండే గాలం వేద్దురుగాని. పడవ కిరాయి మిగిలింది కదండీ, ఆ డబ్బుతో అత్తయ్యనూ తీసుకెళ్దాం" అన్నది నా భార్య. నాకా ఆలోచనే రాలేదు, సిగ్గనిపించింది.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు అమ్మ ఇల్లు పోయింది.

"ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయో చూస్తాను" అంటూ అమ్మ ఆ రాత్రే సంచి సర్దుకుంది.