వెనుకకు వేసే అడుగు

‘ఆదిలోనే హంసపాదు’ అనే జాతీయం తెలుగువారి నోట తరచుగా వినిపిస్తుంది. తలపెట్టిన పనికి ప్రారంభంలోనే ఆటంకం ఎదురైనప్పుడు ఈ మాట వాడతారు. హంసపాదు అంటే హంస పాదాన్ని పోలిన గుర్తు. వ్రాతలో అక్షరమో పదమో జారిపోయినప్పుడు ఆ చోట ఈ గుర్తు ఉంచి, విడిచిన భాగాన్ని పంక్తికి పైననో క్రిందనో వ్రాసేవారు. మొదటి పంక్తిలోనే ఆ అవసరం కలిగితే లేఖకునికి అది చిన్నతనంగా తోచేది. తప్పును దిద్దడానికి పుట్టిన గుర్తు చివరకు తప్పుకే పేరుగా మారడం ఒక వింత.

తాటాకుపై గంటంతో వ్రాయడమంటే ఒక విధంగా చెక్కడమే. గంటం చేసిన గాట్లలో మసి నిలిచినప్పుడు అక్షరాలు నల్లగా కనబడతాయి. ఒకసారి పడిన గాటును చెరిపివేయడం సాధ్యం కాదు. అందుచేతనే లేఖకులు దోషాలుంటే మన్నించి దిద్దుకొనవలసిందని గ్రంథాంతంలో పాఠకులను వేడుకొనేవారు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత పుస్తకాలకు ‘తప్పొప్పుల పట్టిక’ తోడయింది. టైపురైటర్ల కాలంలో, 1950లలో, అమెరికాలోని డల్లాస్ నగరంలో కార్యదర్శిగా పనిచేసిన బెట్టి నెస్మిత్ గ్రాహం తప్పు అక్షరంపై తెల్లని రంగు పూసే ఉపాయం కనిపెట్టింది. అయినా రంగు క్రింద తప్పు ఉండనే ఉండేది. జరిగిన పనిని జరగనట్లు చేయగల శక్తి మాత్రం కంప్యూటర్‌తోనే మనిషి చేతికి వచ్చింది.

ఆ శక్తి విలువ ఒక పరిశోధక విద్యార్థినికి ఒక రాత్రి తెలిసివచ్చింది. ఆమె ఒక తాళపత్ర కావ్యాన్ని పరిష్కరిస్తున్నది. పత్రాల ఛాయాచిత్రాలను ఎదుట పెట్టుకొని, పద్యం వెంట పద్యం టైపు చేస్తూ మూడు నెలలు గడిపింది. తెలుగు టైపులో ఓర్పు కొంత ఎక్కువే కావాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం వెనుక, యూనికోడ్ లెక్కలో, ఆరు సంకేతాలు ఉంటాయి. చూపు తప్పితే ఒత్తు తప్పుతుంది. ఆ రాత్రి ఆశ్వాసం పూర్తయింది. దానికి నకలు తీయదలచి, మొత్తం పాఠాన్ని ఎంచుకొని, కంట్రోల్ మీటతో ‘సి’ నొక్కబోయి ప్రక్కనున్న ‘వి’ నొక్కింది. నకలు చేయడానికి బదులు, అంతకుముందెప్పుడో దాచిన ఒక్క పదం వచ్చి తెరపై కూర్చున్నది. ఆశ్వాసమంతా మాయమైంది.

ఆమె చేతులు చల్లబడ్డాయి. కొంతసేపటికి తేరుకొని కంట్రోల్ మీటతో ‘జెడ్’ నొక్కింది. పద్యాలన్నీ యథాస్థానంలో నిలిచాయి. మరునాడు ఈ సంగతి చెప్పగా ఆమె ఆచార్యులు నవ్వి, “పోయినది తిరిగి వచ్చిందని సంతోషించి ఊరుకోకమ్మా, ప్రతిని మరొకచోట కూడా భద్రపరచు” అన్నారు. “అలాగే గురువుగారూ” అని ఆమె ఆ పూటే నకలు తీసి దాచింది.

ఆమెను కాపాడిన ‘అన్‌డూ’ అనే ఆ సౌకర్యం ఒక్కనాటిలో రూపొందినది కాదు. 1960ల చివర అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘ఫ్రెస్’ అనే వ్యవస్థలో అది కనబడుతుంది. 1970ల ఆరంభంలో వారెన్ టైటెల్‌మన్ అనే శాస్త్రవేత్త దానిని లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో పనిచేసేవారికి అందించాడు. ఇచ్చిన ఆజ్ఞను వెనుకకు తీసుకొనే వీలుంటే ఎంతో ఉపయోగమని ఐబీఎం సంస్థ పరిశోధకులు లాన్స్ మిల్లర్, జాన్ థామస్ 1976లో సూచించారు. 1983లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ‘లీసా’ కంప్యూటర్‌లో రద్దుకు ‘జెడ్’, కత్తిరింపుకు ‘ఎక్స్’, నకలుకు ‘సి’, అతికింపుకు ‘వి’ మీటలు స్థిరపడ్డాయి. ఆ రూపకల్పనలో పాలుపంచుకొన్న లారీ టెస్లర్ 2020లో మరణించాడు. నాలుగు మీటలూ కీబోర్డు అడుగువరుసలో ప్రక్కప్రక్కనే ఉంటాయి. ఎడమచేయి కదలకుండానే పని జరుగుతుంది. పరిశోధక విద్యార్థినిని పొరపాటున పడవేసినదీ, ఆ పొరపాటు నుండి తప్పించినదీ ఆ ఒక్క వరుసే.

ఈ ఏర్పాటు వెనుక ఒక ఉదారమైన ఆలోచన ఉన్నది. మనిషి పొరపడతాడు, అది అతని నేరం కాదు, ఆ పొరపాటుకు చోటు ఇవ్వవలసిన బాధ్యత యంత్రానిది అన్నదే ఆ ఆలోచన. చేసిన ప్రతి పనినీ, దానిని వెనుకకు త్రిప్పే మార్గాన్నీ యంత్రం గుర్తుంచుకొంటుంది. ఆ జ్ఞాపకాలు కంచాల దొంతర వలె ఒకదానిపై ఒకటి చేరుతాయి. అన్నిటికంటె చివర పెట్టిన కంచమే ముందు తీయవలసి ఉంటుంది. ‘జెడ్’ నొక్కినకొద్దీ ఒక్కొక్క అడుగు వెనుకకు పడుతుంది. మరీ వెనుకకు వెళ్ళామనిపిస్తే, విండోస్ కంప్యూటర్లలో సాధారణంగా కంట్రోల్ మీటతో ‘వై’ నొక్కి ముందుకు రావచ్చు. అయితే వెనుకకు వెళ్ళిన తరువాత కొత్తగా ఒక్క అక్షరం చేర్చినా, చాలా అనువర్తనాలలో, ముందుకు వచ్చే ఆ దారి మూసుకొనిపోతుంది. దొంతరకు ఎత్తు కూడా పరిమితమే. ఎక్సెల్‌లో ఒకప్పుడు పదహారు అడుగుల వరకే వెనుకకు వెళ్ళగలిగేవారు. 2007 నుండి అది నూరుకు పెరిగింది. సాధారణంగా దస్త్రాన్ని మూసివేస్తే దొంతర కూడా చెదరిపోతుంది.

ఈ పరిమితి ఆ విద్యార్థినికి మరొక రూపంలో ఎదురైంది. కావ్యంలో ఒకచోట ‘ఈగి’ అనే పదం వచ్చింది. దానం అనే అర్థంలో ‘ఈవి’ ఆమెకు తెలుసు. లేఖకుడు ‘వి’కి బదులు ‘గి’ వ్రాశాడని భావించి, ‘ఈవి’ అని సవరించింది. ఆ సవరణను అధోజ్ఞాపికలో చూపలేదు. ఆ భాగంతో కూడిన వ్యాసాన్ని ఒక పత్రికకు పంపగా అది అచ్చయింది. కొన్ని వారాల తరువాత నిఘంటువులో మరొక పదం వెదుకుతుండగా ‘ఈగి’ కంటబడింది. దానికి కూడా దానమనే అర్థం. లేఖకుడు సరిగానే వ్రాశాడు. అర్థం మారలేదు, ఛందస్సు చెడలేదు. కాని ప్రతిలోని అరుదైన మాట ఆమె చేతిలో నశించింది. హంసపాదు పెట్టిన లేఖకుడు తన తప్పును దాచలేదు. ఆమె దిద్దుబాటు మాత్రం జాడ లేకుండా, ఒప్పు వలె నిలిచింది.

ఇప్పుడు ఏ మీట నొక్కవలెను? అచ్చయిన ప్రతులు పాఠకుల ఇండ్లకు చేరాయి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమన్న సామెత వ్రాతకూ వర్తిస్తుంది. పంపిన ఉత్తరాన్ని వెనుకకు రప్పించే సౌకర్యం జీమెయిల్‌లో ఉన్నది కదా అని కొందరు అనవచ్చు. నిజానికి అక్కడ ఉత్తరం వెళ్ళి తిరిగిరాదు. గరిష్ఠంగా ముప్పది సెకన్ల పాటు గడప దాటకుండా ఆగి ఉంటుంది. గడప దాటినదానిని వెనుకకు తెచ్చే విద్య ఆ సౌకర్యానికి కూడా లేదు.

ఎవరూ గమనించలేదు గనుక ఆమె మౌనంగా ఉండవచ్చు. రెండు రోజులు అలాగే ఉన్నది కూడా. మూడవనాడు సంపాదకునికి ఉత్తరం వ్రాసింది. మూలప్రతిలో ‘ఈగి’ అనే ఉన్నదనీ, దానిని మార్చడం తన పొరపాటనీ తెలిపింది. తరువాతి సంచికలో అది నాలుగు పంక్తుల సవరణగా అచ్చయింది. ఆమె పేరు క్రింద ఆ పొరపాటు శాశ్వతంగా నిలిచింది. దానితోపాటు ఆ పదమూ నిలిచింది.

చేతిలో ఉన్న తప్పును తుడిచివేయడానికి రెండు మీటలు చాలు. ఆ ధైర్యంతో విద్యార్థి నిర్భయంగా ప్రయత్నించవచ్చు, తప్పులు చేస్తూ నేర్చుకోవచ్చు. చేయి దాటిన తప్పుకు మాత్రం హంసపాదే శరణ్యం. ‘ఇక్కడ నేను పొరబడ్డాను, సరియైనది ఇది’ అని పదిమంది ఎదుట గుర్తు పెట్టగలగాలి. యంత్రం నేర్పలేని ఆ విద్యను మనిషే అభ్యసించాలి.